చొక్కా అట్టలు

శుక్రవారం సాయంత్రం, ఫర్వానియాలో
గఫూర్ దర్జీ కొట్టు పై అంతస్తు.
కుట్టుమిషన్లు గోడకు జరిపి
పద్నాలుగు కుర్చీలు వేశాం, రెండు బకాలా వాడివి.
తెర లేదు, రంగులు లేవు.
కాగితాలు పట్టుకుని కూర్చుని చదవడమే.

కాగితాలంటే మేం దించుకున్న ప్రతులు.
అసలువి అట్టలు.
కొత్త దిష్‌దాషా మడతలో పెట్టి వస్తుందే, ఆ తెల్ల అట్ట.
గుడ్డ బాబాకు పోతే
అట్ట దస్తగిరమ్మకు మిగిలేది.
ముప్పై ఒక్కేళ్ల ఇస్త్రీ,
నూట పన్నెండు అట్టలు, నాలుగు నాటకాలు.
ఒకదాని మూలన కాలిన మచ్చ
ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో.
అక్కడ ఏ మాట ఉండేదని అడిగితే
"ఆ మాట కాలిపాయ. ఇంగోటి రాయబుద్ధి కాలే" అంది.

చదువు ఐదో తరగతి దాకా.
వొత్తులు సగం ఉండవు.
'అక' అంటే అక్క, సులువే.
'కల' అని ఉంటే మాత్రం
కలో, కల్లో
వెనకా ముందూ చూసుకోవాలి.
ఆసుపత్రి నేల తుడిచి నేరుగా వచ్చిన ఎలీషమ్మ
వొత్తు లేని చోటల్లా
తన గొంతుతోనే ఒత్తింది.

గోడ మీద నూకరాజు రాసి అంటించాడు:
'రాయచోటి దస్తగిరమ్మ నాటకాలు'.
ఆమె వచ్చి, చెప్పులు విప్పి, చదివి,
స్కెచ్ పెన్ను అడిగింది.
రాయచోటి కొట్టేసి
'ఫరవానియా' అని రాసింది.
"ఆడ పుట్టినా. ఈడ మాటొచ్చింది."
ఎవరం ఏమీ అనలేదు.
డిసెంబరుతో ఆమె అకామా అయిపోతుందని
గదిలో అందరికీ తెలుసు.

నాకిచ్చిన పని
కుండలీకరణాల్లోవి చదవడం.
తలుపు తెరుచుకుంటుంది.
నీళ్లు కాగుతుంటాయి.
మామా లోపలికి వస్తుంది.
తొమ్మిదేళ్లుగా డెలివరీ బండి మీద తిరుగుతున్నా
ఎవరి తలుపునూ ఇంత నెమ్మదిగా తెరిచినవాణ్ణి కాదు.

నూకరాజుది డ్రైవర్ వేషం.
"కారు తుడిచేశానండీ" అన్నాడు కోనసీమ నోటితో.
వెనక వరస నుంచి గొంతు లేచింది:
"యాడిదప్పా ఆ అండీ? నా అట్టలో లేదే!"
నవ్వులకు మిషన్ల మీది దారపు ఉండలు దొర్లాయి.

మామా మాటలు సుభాషిణివి. సెలూన్లో పని,
ఎవరి మీదా గొంతు లేపి ఎరగదు.
దస్తగిరమ్మ లేచి దగ్గరికొచ్చింది.
"అంత మెత్తగా వద్దు బిడ్డా.
మామా చెడ్డది కాదు, నాకు జరమొస్తే సూప్ కాంచింది.
అయినా పిలిస్తే
మూడు గదులు దాటి రావల్ల ఆ పిలుపు."
రెండోసారి సుభాషిణి పిలిచినప్పుడు
మాలో ముగ్గురు
తెలియకుండానే లేచి నిలబడ్డారు.
దాని గురించి తర్వాత ఎవరమూ మాట్లాడుకోలేదు.

చివరి అట్ట మాత్రం అసలుదే ఇచ్చింది నా చేతికి.
'మాటాడదు. ఇస్తిరి చేస్తానే ఉంటాది.'
చదివాను.
ఎంతసేపు ఆగాలో తెలియక ఆమె వైపు చూశాను.
వేలెత్తింది, ఉండమని.
ఏసీ చప్పుడు. కింద షవర్మా వాడు కత్తి నూరుతున్నాడు.
ఆమె ఎడమచేయి ఒళ్లోని పైటచెంగు మీద కదులుతోంది.
ముందు కాలరు.
ఒక చెయ్యి. రెండో చెయ్యి.
వీపు.
గుండీల మధ్య మధ్యన, ముక్కు కొసతో.
ఎవరిదో ఫోను మోగబోయి ఆగింది.
ఒక చొక్కా అయ్యేంతసేపు
పద్నాలుగు కుర్చీలూ ఉక్కపోశాయి.

వేలు దించి "ఇంగ చదువు" అంది.

చూస్తే అక్షరాలు అయిపోయాయి.
అట్ట తిప్పాను.
వెనక ఎవరో దర్జీ పెన్సిలుతో వేసిన కొలత,
యాభై ఎనిమిది.
అదీ చదివాను.